పేరు పిలిచే వంతు

టెక్కలి,
జనవరి 19

గౌరవనీయులైన ప్రభావతి అత్తయ్యకి,

నమస్కారం. నేను ఉదయశ్రీని, గోవిందరాజులు గారి అమ్మాయిని. పెళ్ళిళ్ళలో తప్ప మనం కలుసుకోలేదు. కలిసినప్పుడు కూడా నేను మీతో ఏమీ మాట్లాడలేదు. మీకు వినపడటం పూర్తిగా ఆగిపోయాక ఫోను పక్కన పెట్టేశారని నాన్న చెప్పారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నాకూ ఇదే తేలిక.

ఒక సంగతి అడగాలి. మొన్న నాన్న ఆఫీసులో ఒకాయన రిటైరయితే భోజనాలకి వెళ్ళాం. లోకనాథం గారని, నాన్నతో మొదటి నుంచీ పనిచేసినాయన, నన్ను చూసి “టీవీలో కనిపించిన మొహమే ఇది” అన్నారు. నాన్న మజ్జిగ తెస్తానని లేచి వెళ్ళిపోయారు. మజ్జిగ మా విస్తళ్ళ ముందే ఉంది.

మిగతాది లోకనాథం గారే చెప్పారు. మా అమ్మ పెళ్ళయిన కొత్తలో మీరూ ఆవిడా హైదరాబాదు వెళ్ళి ఒక టీవీ ఆటలో కూర్చున్నారట. మధ్యలో తెర, అటొకరు, ఇటొకరు. ఆట పేరు ఆయనకి గుర్తు లేదు. ఎవరు గెలిచారో కూడా గుర్తు లేదన్నారు. గుర్తు లేనట్టు అనిపించలేదు.

అమ్మ పోయినప్పుడు నాకు మూడేళ్ళు. ఇంట్లో రెండు ఫొటోలున్నాయి. రెంటిలోనూ నోరు మూసుకునే ఉంది. ఆవిడ మాట ఎలా ఉండేదో నాకు తెలియదు. తెలిసినట్టు ఊహించుకోవడానికి కూడా ఏమీ లేదు. ఆ టేపు ఎక్కడైనా ఉంటే ఒక్కసారి వినాలని ఉంది. మీ దగ్గర ఉందా?

మీ మేనకోడలు,
ఉదయశ్రీ


పూండి,
ఫిబ్రవరి 2

చిరంజీవి ఉదయకి, మీ అత్త దీవెనలు.

నీ ఉత్తరం తెచ్చిన ఢిల్లీరావు దాన్ని చేతికివ్వకుండా కాసేపు నన్ను ఆడించాడు. “నీకు బేంకోల్లు తప్ప ఎవులు రాత్తారమ్మా?” అన్నాడు. పెదాలు చూసి పోల్చుకున్నాను. ఈమధ్య జనం మాటలు అలాగే చదువుతున్నాను. మీ మావయ్యవి మాత్రం మీసాలు అడ్డం. ఆయన చేతులు ఊపుతారు, నేను తల ఊపుతాను. ఇద్దరికీ గొడవ లేదు.

‘మీరు’ అని రాశావు. నా వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని చూసుకున్నాను. నువ్వు చదివిన సిస్టర్ల బళ్ళో నేర్పింది బళ్ళోనే ఉంచి, నాతో నువ్వు అను.

ఆట పేరు ‘అటు వదిన, ఇటు మరదలు’. శనివారం సాయంత్రం వచ్చేది. దాని పాట నాకిప్పటికీ లోపల మోగుతుంది. కార్డు ముక్క రాసింది మీ అమ్మే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా. రమ్మని కబురొస్తే మా అమ్మ వారం రోజులు మాతో మాట్లాడలేదు. మీ నాన్నే ఒప్పించి, పలాస స్టేషనుకి వచ్చి రైలెక్కించాడు.

అక్కడ ఒకాయన మా మొహాలకి పౌడరు దట్టించాడు. ఇద్దరికీ తుమ్ములు పట్టుకున్నాయి. యాంకరమ్మ చిలకపచ్చ చీర కట్టుకుంది. ఎదురుగా ఒక కుర్రాడు ‘చప్పట్లు’ అని రాసిన అట్ట ఎత్తితే జనం చప్పట్లు కొట్టేవారు. మీ అమ్మకి అది తెలియక, ఆ అట్ట ఎత్తినప్పుడల్లా తనూ కొట్టింది. నా వైపు ఒక ప్రశ్న అడిగేవారు, అదే తెర అవతల తననీ అడిగేవారు. జవాబులు కలవాలి. మీ వదినకి మీ ఇంట్లో దేనంటే భయం అన్నారు. జీడి సొన అన్నాను. అటు తనూ అదే అంది. ఇచ్ఛాపురం బస్తీ పిల్ల, తోటలెరగదు. కాపురానికొచ్చిన కొత్తలో పచ్చి జీడిగింజ కొరికి పెదవి కాల్చుకుంది.

ఆఖరి ఆటలో ఓడిపోయాం. ఒక ఫ్లాస్కు ఇచ్చారు. టేపు ఇవ్వలేదు, అడగాలని మాకు తెలీలేదు. నా దగ్గర ఏమీ లేదమ్మా.

మీ నాన్నకి చెప్పు, తోట పూత పట్టిందని.

మీ అత్త,
ప్రభావతి


టెక్కలి,
ఫిబ్రవరి 23

అత్తా,

నువ్వు అని రాయడానికి ఒక కాగితం పాడుచేశాను. ఇది రెండోది.

ఆట పేరు తెలిశాక నెట్‌లో వెతికాను. ఏమీ లేదు. ఎవరో ఒకావిడ “వదినా మరదళ్ళ ఆట ఒకటి ఉండేది, ఎవరికైనా గుర్తుందా” అని ఎప్పుడో అడిగింది. కింద ఎవరూ జవాబు రాయలేదు. నేను రాశాను. ఆ చానెల్ ఇప్పుడు లేదు. దాన్ని కొనుక్కున్నవాళ్ళకి మెయిల్ పెడితే, ఆ కాలం టేపులేవీ మిగల్లేదని మర్యాదగా జవాబిచ్చారు.

నాన్నని అడిగాను. యాంకరుది పసుపు చీర అన్నారు. చిలకపచ్చ అని నువ్వు రాశావని చెబితే, “మనూరి సన్నేసయ్య టీవీలో అన్నీ పసుపే” అన్నారు. ఆ తర్వాత పేపరు తీసుకున్నారు.

ఆ సన్యాసయ్య గారే పోయిన వారం ఎమ్మార్వో ఆఫీసు పనిమీద టెక్కలి వచ్చి మా ఇంట్లో కాఫీ తాగారు. నాకు కొత్తవాళ్ళని ప్రశ్నలడగడం రాదు. కప్పు తీసుకోవడానికి వెళ్ళి అడిగేశాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“నాను సూడ్నేదమ్మా. ఊరంతా నా ఇంట్లో కూకుని సూసినారు. నాను మేడ మీద గొడుగు యాంటెన్నా అట్టుకుని నిల్చున్నాను. సముద్రం గాలికది తిరిగిపోతాది కదేటి. కింద నించి ‘వచ్చింది, వచ్చింది’ అంటే కదలకుండా ఉండీవోడిని, ‘పోయింది’ అంటే తిప్పీవోడిని. ఆకర్న ఒక్కపాలి ఎవులూ మాటాడ్నేదు. వచ్చిందో పోయిందో తెల్దు. ఆ తరవాత గొల్లుమని నవ్వినారు. మీ నాయిన ఒక్కడూ బయిటికొచ్చి రోడ్డెంట ఎల్లిపోనాడు. ఏటైందో నన్నడిగితే నానేటి సెప్తాను, గొడుగు అట్టుకున్నోడిని.”

నాన్న పక్కగదిలో ఉన్నారు. విన్నారు.

ఆఖరి ఆటలో ఏం జరిగింది అత్తా?

ఉదయ


పలాస,
మార్చి 11

ఉదయా,

ఇది ఆసుపత్రి బల్లమీద కూర్చుని రాస్తున్నాను. కిడ్నీ పరీక్షకి రక్తం తీసుకున్నారు, రిపోర్టుకి కూర్చోమన్నారు. మా ఊళ్ళో అందరం చేయించుకునేదే, కంగారు పడకు. ఇక్కడ పేరు పెట్టి పిలుస్తారు, నాకు వినబడదు. పక్కనున్న పోలమ్మ మోచేత్తో పొడుస్తానంది.

ఆఖరి ఆట వదినలది. మా ఇంటి నుంచి ముందే ఫొటోలు తెప్పించుకుని ఒక పెద్ద బోర్డు మీద పెట్టారు. ఏ ఫొటో వెలిగితే వాళ్ళని పేరు పెట్టి పిలవాలి, గంట మోగేలోగా. నన్ను పిలిచింది. మా పిన్ని పిల్లల్ని పిలిచింది. మా ఆవు ఫొటో కూడా పెట్టారు, “గౌరీ” అని పిలిచింది. జనం నవ్వారు. ఆఖర్న మా అన్నయ్య ఫొటో వెలిగింది.

నువ్వు ఈ కాలం పిల్లవి, నీకు వింతగా ఉంటుంది. మా వైపు ఆడవాళ్ళం మొగుడి పేరు పలకం. పెళ్ళయి గుమ్మంలో అడుగు పెట్టేటప్పుడు ఒక్కసారే పలకనిస్తారు. ఆడపడుచు గడపకి అడ్డం నిలబడి, పేర్లు చెబితేగాని లోపలికి రానివ్వదు. మీ అమ్మ వచ్చిన రోజు అడ్డం నిలబడింది నేనే. మీ నాన్న చటుక్కున తన పేరు చెప్పేశాడు. తన వంతు వచ్చేసరికి ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నిండాయి. ఎండలో నిలబడి ఉంది, ఊళ్ళో ఒక్కరూ తెలీదు. నాకు జాలేసి పక్కకి తప్పుకున్నాను. మీ నాన్న ఎన్నాళ్ళో నన్ను సాధించాడు, “నా పేరు గడప దాటకుండా సేసినావు” అని. నవ్వుతూనే అనేవాడు.

టీవీవాళ్ళు అదే అడిగారు. యాంకరమ్మకి సరదా. “ఒక్కసారి అనండి, వాషింగ్ మెషిన్ మీదే” అంది. మీ అమ్మ నోరు తెరిచింది, మూసుకుంది. గంట మోగింది.

అంతవరకే జరిగింది. తర్వాత సంగతి నేను చెప్పకూడదు.

పోలమ్మ పొడుస్తోంది. ఉంటాను.

ప్రభావతి


టెక్కలి,
మార్చి 16

అత్తా,

చెప్పకూడదు అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నువ్వు రాసిన దాంట్లో అమ్మ ‘గౌరీ’ అని ఒక ఆవుని పిలిచింది. ఆవిడ నోట నేను తెలుసుకున్న మొదటి పిలుపు అది. నాకు ఆ ఆవు మీద అసూయ కలిగింది. ఇది ఎవరితోనూ అనలేను, నీకు రాయగలిగాను.

ఎవరికి మాటిచ్చావో నేను అడగను. ఆవిడే అయితే, ఇప్పుడు ఆవిడ గురించి అడుగుతున్నది నేనొక్కదాన్నే.

రిపోర్టు ఏమొచ్చింది?

ఉదయ


పూండి,
మార్చి 29

ఉదయా,

రిపోర్టులో అంకె పెరిగింది. మందులు మార్చారు, మళ్ళీ రమ్మన్నారు. మీ అమ్మకీ ఇలాగే మొదలైంది, కాని నాది నెమ్మది అంటున్నారు. ఆ కాగితం మడిచి లోపల పెట్టాక నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నేనూ పోతే ఆ మాట ఎక్కడుంటుంది?

ఇక విను.

వెళ్ళేటప్పుడు రైల్లో మీ అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. సోంపేట, పలాస మనుషులెవరూ పెట్టెలో లేరని చూసుకుంది. విజయనగరం దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ మీ నాన్న పేరు అంది. మొదట నేను విననట్టు ఊరుకున్నాను. మళ్ళీ అంది. ఆఖరి ఆటలో పేర్లు పిలవాలని తనకి ముందే తెలుసు, ప్రతి వారం చూసేది కదా. అందుకే సాధన చేస్తోంది. ఒకసారి కోపంగా, ఒకసారి గారంగా, ఒకసారి బడిపంతులు హాజరు పిలిచినట్టు. నాకు నవ్వాగలేదు. “ఇదేటి వదినా, మా అన్నయ్య పేరు అరగదీసెత్తన్నావు” అన్నాను. “ఇన్నాల్లు దాసినాను, అరగదులే” అంది.

స్టూడియోలో మైకు పెట్టి, ఏదైనా మాట్లాడండి అంటే కూడా ఆ పేరే అంది. సౌండు చూసేవాడు బొటనవేలు చూపించాడు. అంత బాగా పలికింది. ఆ తర్వాత అసలు వేళకి నోరు మూసుకుంది.

తిరిగి వస్తుంటే నేను అలిగాను. వాషింగ్ మెషిన్ పోయిందని నాకు. కాసేపు చూసి, తను అన్నది ఇదీ: “ఊరంతా సన్నేసయ్య ఇంట్లో కూకుని సూత్తారు ప్రభా. ఆయినా ఆల్ల మధ్యలోనే కూకుంటారు. నాను ఆయిన్ని పేరెట్టి పిలిసింది మొదటిపాలి అందరితో పాటే ఇనాలా? అది ఆయినొక్కరే ఇనాలి. ఇంటికెల్లి నానే అంటాను. నువ్వు మాత్రం ముందే సెప్పీకు.”

చెప్పనన్నాను. ఇంతవరకూ చెప్పలేదు.

అప్పట్లో మా ఇల్లు నీకు తెలీదు. మొగుడూ పెళ్ళాం ఒంటరిగా మాట్లాడుకోవడానికి చోటుండేది కాదు. ఆవిడ అందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు, అది వాళ్ళిద్దరిదీ. అనే ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నువ్వు మజ్జిగ సంగతి రాసినప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

మీ నాన్నని అడుగు.

గొంతు అడిగావు. సన్నం కాదు. కొంచెం బొంగురు, పొద్దున్నే లేచినట్టు. ఆ ఒరియా వాళ్ళ మధ్య పెరిగింది కదా, మాట చివర తేలిపోయేది. నాకు చెవులు పోయాక కొత్త శబ్దాలేవీ లోపలికి రాలేదు. అందుకేనేమో, పాతవి చెదరలేదు.

మీ అత్త


టెక్కలి,
ఏప్రిల్ 20

అత్తా,

ఆలస్యమైంది. నాన్నని అడగడానికి ఇన్నాళ్ళు పట్టింది. రోజూ అన్నం దగ్గర అడుగుదామనుకునేదాన్ని. ఉప్పు సరిపోయిందా అని అడిగేదాన్ని.

నిన్న ఆదివారం. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. వెనక నుంచి అడిగాను, మొహం చూస్తూ అడగలేక. “అమ్మ నిన్నెప్పుడైనా పేరు పెట్టి పిలిచిందా?”

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి పెట్టారు. లేదన్నారు. అప్పుడు చెప్పారు.

“టీవీలో వత్తాదని ఆఫీసులో అందరికీ ముందే సెప్పుకున్నాను. సోమారమెల్తే లోకనాథం, ‘మీ ఆవిడకి నీ పేరు తెల్దేటి, మేం సెప్పొచ్చు కదా’ అన్నాడు. అందరూ నవ్వినారు. సాయంత్రం ఇంటికొచ్చాను. అమ్మావోల్లు గుడికెల్లినారు, మీ అమ్మొక్కతే ఉంది. నానొచ్చేటప్పటికి గుమ్మంలో నిల్చుని ఉంది. ఏదో అనబోయింది. నాను ‘నువ్వేటీ అనక్కర్నేదు, ఎప్పుడూ అనొద్దు’ అనీసి పక్కనించి లోపలికెల్లిపోనాను. టీవీ సంగతికి సంజాయిసీ సెప్తాదనుకున్నాను. తరవాత తనూ అన్లేదు, నానూ అడగలేదు.”

నేను నీ ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివారు. రైలు దగ్గర ఒకసారి నవ్వారు. తర్వాత కూర్చున్నారు. “అదా అనబోయింది” అన్నారు. చొక్కాలు నేను ఇస్త్రీ చేశాను.

సాయంత్రం అడిగారు, “ప్రభకి అదింకా గుర్తుందంటావా? ఎలాగన్నాదో.” అడిగి మళ్ళీ ఆయనే, “గట్టిగా మాటాడితేగాని ఇనపడదు, నాకేమో గట్టిగా మాటాడ్డం రాదు. అందుకే అటెల్లడం మానీసినాను” అన్నారు. నువ్వు పెదాలు చదువుతావని చెప్పాను. ఆయనకి తెలియదు.

వచ్చే ఆదివారం ఇద్దరం పూండి వస్తున్నాం. నీకు వినపడటం ఆగిపోయాక నాన్న అక్కడ అడుగు పెట్టడం ఇదే మొదలు. ఆయన అడగలేకపోతే నేను అడుగుతాను. ఆవిడ అన్నట్టే నువ్వు అని చూపించగలవా?

ఉదయ


టెక్కలి,
ఏప్రిల్ 27

ప్రియమైన అత్తకి,

నిన్న నీ దగ్గరనుంచి బయల్దేరేటప్పుడు ఒక మాట చెప్పాలనుకున్నాను. మావయ్య జీడిపళ్ళ సంచి చేతిలో పెట్టి ఆటో ఎక్కించేశారు. పైగా అది నాన్న ఎదురుగా చెప్పేది కాదు. అందుకని రాస్తున్నాను.

నాన్న అడగలేక గిన్నెలో పనసతొనలు ఒక్కొక్కటే తినడం నువ్వూ చూశావు. నేనే అడిగాను. నువ్వు, “నా గొంతు నాకే ఇనపడదు, ఎలాగొత్తాదో ఏటో. అన్నయ్య పేరు నానెప్పుడూ అన్నేదు కూడా” అన్నావు. మావయ్య బీడీ పట్టుకుని మర్యాదగా తోటలోకి వెళ్ళిపోయారు. నువ్వు పమిట సర్దుకుని కళ్ళు మూసుకున్నావు. పెదాలు ముందు రెండుసార్లు శబ్దం లేకుండా కదిలాయి.

అప్పుడు అన్నావు.

అత్తా, నీ మాట నాకు తెలుసు. పొద్దున్నుంచీ వింటున్నాను. చెవులు పోయాక అది గట్టిగా, చదునుగా అయింది. ఏమనుకోకు. కాని ఆ పేరు అన్నది వేరే గొంతు. కొంచెం బొంగురుగా, ‘గోవింద’ దగ్గర సిగ్గుపడి, ‘రాజులూ’ దగ్గర తేలిపోయింది. లోపల వంటింట్లోంచి, పని మధ్యలో, ఆయన వినిపించుకుంటారని తెలిసి పిలిచినట్టుంది. నేను మా అమ్మ మాట విన్నాను. ఇక దాన్ని ఊహించుకోనక్కర్లేదు.

నువ్వు కళ్ళు తెరిచేసరికి నాన్న లేచి నిలబడి ఉన్నారు. “బాగానే వచ్చిందా?” అని నువ్వడిగితే తల ఊపారు. అంతే జరిగిందనుకుని ఉంటావు. కళ్ళు మూసుకుని ఉన్నావు కాబట్టి పెదాలు నీకు కనిపించలేదు.

నువ్వు పేరు అన్న వెంటనే, ఆలోచించుకోకుండా, నాన్న పలికారు. చేతిలో తొన గిన్నెలో పడేసి, చెప్పులకోసం కాలితో వెతుకుతూ, “ఆఁ, వత్తన్నాను” అన్నారు.

నీ కోడలు,
ఉదయ